దెబ్బ మార్చే హక్కు

ర్యాప్ పాట కాదట. మొన్నీమధ్య ఒక సాహిత్య సభల ఒక పెద్దమనిషి మైకు పట్టుకొని తేల్చేసిండు. "శ్రుతి లేదు, రాగం లేదు, సాహిత్యం అసలే లేదు. ఊపిరాడకుండ గడగడ వాగితే పాటయితదా?" అన్నడు. ముందు వరుసల కూసున్నోళ్ళు తలలూపిన్రు. కొందరు నవ్విన్రు. ఆయన కూసున్నంక ఇంకో పెద్దమనిషి లేసిండు. ఈయన మనోడే. మన వాడల నించి వచ్చినోడే, మన పాటలకు కోరస్ ఇచ్చినోడే. ఈయన బాధ వేరు. "మన పోరగాండ్లు డప్పు ఇడిసిపెట్టి అమెరికా మైకు పట్టుకున్నరు. సామ్రాజ్యవాద సంస్కృతి మన గూడేలకు గూడ వచ్చింది" అన్నడు. ఆయనకూ చప్పట్లు పడ్డయి.

ఇద్దరికీ కలిపి జవాబు చెప్పాలని ఇది రాస్తున్న. ఒకాయన ర్యాప్‌ను రాగంతోటి కొలుస్తున్నడు. ఇంకొకాయన పాస్‌పోర్టుతోటి కొలుస్తున్నడు. డప్పు కొట్టే చెయ్యితోటి కొలవాలని ఇద్దరికీ తోచలేదు.

నేను పాటగత్తెను కాదు. సైదాబాద్ దాపుల ఒక సర్కారు బడిల తెలుగు చెప్పి బతుకుతున్న. యమాతారాజభానసలగం అని పిల్లలతోటి వల్లె వేయిస్త. మా నాయిన మాత్రం డప్పు మనిషి. దేవరకొండ పక్కన ఊరు మాది. సాగర్ రోడ్డు బస్సులు మా దిక్కు నించే పట్నంలకు వస్తయి. అందుకే కరువొచ్చినప్పుడల్ల ఆ పల్లెల జనం చంపాపేట, సైదాబాద్ బస్తీలల్ల దిగిన్రు. లంబాడోళ్ళు, మాదిగోళ్ళు, మాలోళ్ళు, ఎరుకలోళ్ళు. మేం 1979ల దిగినం. మూటల వంట గిన్నెలు, మూట మీద డప్పు. మా నాయిన పగలు మట్టిపని. ఎవలన్న సస్తే, పెండ్లయితే, బోనాలొస్తే, వినాయకుణ్ణి సరూర్‌నగర్ చెరువుకు తోలితే డప్పు పని. మట్టిపనికి కూలి ముందే మాట్లాడుకునేటోడు. డప్పు పనికి మాట్లాడుకునుడు ఉండేది కాదు. "ఏదో ఇస్తం పో" అనేటోళ్ళు.

డప్పు అంటే ఒకటే సప్పుడని మీరనుకుంటరు. మీకు వినబడేది అంతే, అది మీ చెవి సంగతి. మేకతోలు తెచ్చి, ఊరబెట్టి, బొచ్చు గీకి, కట్టె వలయానికి చింతగింజల అంబలితోటి అతికిస్తరు. వానకు, మంచుకు తోలు మెత్తబడుతది, గొంతు పడిపోతది. అందుకని మంటకు కాపుతరు. పల్లెల వరిగడ్డి మంట, పట్నంల అట్టపెట్టెల మంట. కాగినంక మా నాయిన వేలితోటి కొట్టి చెవి పెడుతడు. "ఇంకొంచెం" అంటడు. మళ్ళ తిప్పుతడు. శ్రుతి లేదన్న పెద్దమనిషీ, ఆ మంట ముంగట కూసున్న మనిషి చేసే పని పేరేంది? మృదంగం ఎడమ ముఖానికి రవ్వ పూసుకుంటే శ్రుతి చేసుకునుడు, మేం తోలు కాపుకుంటే చలి కాగుడా?

ఒక చేతిల సిర్ర, ఇంకో చేతిల సిటికెన పుల్ల. సిర్ర పొట్టిది, మొద్దుది. పుల్ల సన్నది, పొడుగుది. మా నాయిన సంగీత శాస్త్రమంత ఒక్క ముక్క: "సిర్ర నడుస్తది బిడ్డా, పుల్ల మాట్లాడ్తది." నడక మారకుంటనే మాట మార్చొచ్చు. మాట మారకుంటనే నడక మార్చొచ్చు. రెండూ ఒక్కసారే గూడ మార్చొచ్చు గాని, అప్పుడు పక్కన కొట్టే నలుగురికి కన్నుసైగ చెయ్యాలె, లేకుంటే దెబ్బ చెదురుతది. ర్యాప్ అంటే ఇదే. బీటు నడుస్తది, నోరు మాట్లాడుతది. ఆ మాట్లాడే తీరునే ఫ్లో అంటరు. బీటు ఎంత తొందరగ నడుస్తున్నదో దాన్ని టెంపో అంటరు. పేర్లు అక్కడియి. పని మా ఇంట్ల ఉన్నదే.

సావు దెబ్బ చూడండి. ఇంటి ముంగట పీనుగు ఉన్నప్పుడు దెబ్బ నిదానంగ ఉంటది. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ నడుమ ఏడుపు వినబడాలె. పాడె లేసినంక దెబ్బ కాళ్ళ వేగానికి వస్తది. మోసే నలుగురి అడుగు ఒక్క తీరుగ పడాలంటే సిర్రనే దిక్కు. దింపుడుకల్లం కాడ పాడె దించుతరు. డప్పు ఆగుతది. చెవి కాడ మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తరు. "ఆ ఆగుడు గూడ దెబ్బనే" అంటడు మా నాయిన. అక్కడ తెల్వని పిల్లగాడు ఎవడన్న పుల్ల తాకిస్తే కండ్లెర్ర జేసేటోడు. పాడె మళ్ళ లేసినంక దెబ్బ ఉరుకుతది. తాగినోళ్ళు ఎగురుతరు. బొందలగడ్డ దాక అదే ఉరుకుడు. ఒక్క పీనుగు వెంట నాలుగు నడకలు. రాసిన కాయితం లేదు, గురువుకు పెట్టిన దక్షిణ లేదు.

మీ శాస్త్రంల దీనికి పేర్లున్నయి. బడిపంతులమ్మను కాబట్టి కొన్ని నాకూ తెలుసు. తిశ్రం అంటే మూడు, చతురశ్రం నాలుగు, ఖండం అయిదు, మిశ్రం ఏడు, సంకీర్ణం తొమ్మిది. తాళం నడుస్తుండగనే లోపలి లెక్కను నాలుగు నించి మూడుకు తిప్పితే గతిభేదం అంటరు. గతి అంటే ఏంది? నడక. విలంబం, మధ్యమం, ద్రుతం అంటే ఏంది? మెల్లగ, నడిమెన, ఉరుకుడు. సభల గతిభేదం చేస్తే శాలువా కప్పుతరు. బజార్ల అదే పని చేస్తే క్వార్టరు సీసా చేతిల పెడుతరు.

పోనీ ఆ మృదంగం తోలు ఎవల చేతుల నించి వచ్చింది? మద్రాసు పాటగాడు టి.ఎం. కృష్ణ 2020ల 'సెబాస్టియన్ అండ్ సన్స్' అని పుస్తకం రాసిండు. మృదంగాలు చేసే కుటుంబాల గురించి. వాళ్ళల్ల ఎక్కువమంది దళిత క్రైస్తవులు. ఆవుతోలు, మేకతోలు, ఎనుముతోలు లేకుంటే మృదంగం లేదు. ఆ పుస్తకం విడుదలకు ముందు ఇస్తమన్న హాలును కళాక్షేత్ర మళ్ళ ఇయ్యమన్నది. తోలు మోగితే సంగీతం, తోలు తీసినోని పేరు చెప్తే రాజకీయం. మా నాయిన అసొంటోళ్ళు తోలు తీస్తరు, తోలు మోగిస్తరు గూడ. రెండు పనులూ ఒక్క చేతి మీద ఉన్నందుకే మా సప్పుడు సంగీతం కాకుండ పోయింది.

ఇంక అమెరికా సంగతి. మా ఉద్యమ పెద్దమనిషికి చెప్తున్న. అన్నా, వయొలిన్ ఎక్కడిది? యూరపుది. బాలుస్వామి దీక్షితులు చేతికి వచ్చినంక అది కచేరీల కుర్చీ ఎక్కింది. మాండొలిన్ ఎక్కడిది? అదీ యూరపుదే. మన పాలకొల్లు పిల్లగాడు శ్రీనివాస్ దాని మీద త్యాగరాజును పలికిస్తే లోకమంత మెచ్చుకున్నది, మెచ్చుకోవాలె గూడ. మన పద్య నాటకాల హార్మోనియం ఏ గోదావరి ఒడ్డున మొలిచింది? వాళ్ళు తెచ్చుకుంటే కళ విస్తరించుడు, మన పిల్లలు తెచ్చుకుంటే సామ్రాజ్యవాదమా?

అయినా మనకు అమెరికా నల్లోళ్ళతోటి చుట్టరికం నిన్న మొన్నటిది కాదు. ఫూలే 1873ల 'గులాంగిరి' రాసి, నల్లోళ్ళ బానిసత్వం మీద కొట్లాడిన అమెరికా జనానికి అంకితమిచ్చిండు. అంబేద్కర్ 1946ల డ్యూబాయిస్‌కు ఉత్తరం రాసిండు. 1972ల బొంబాయిల పాంథర్లు పేరు ఎక్కడ్నించి తెచ్చుకున్నరో నీకు నేను చెప్పాల్నా? ఆఫ్రికా మన పట్నానికి క్యాసెట్లల్ల రాలేదు. నిజాం కొలువుకు వచ్చిన సిద్దీలతోటి వచ్చింది. ఏసీ గార్డ్స్ అనే పేరే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. వాళ్ళ మర్ఫా, బార్కస్ అరబ్బుల మర్ఫా పట్నం బరాత్‌లల్ల మోగింది. తీన్‌మార్ అని మనం ఎగిరే దెబ్బ దాని తోడబుట్టిందే. మా సైదాబాద్‌ల బోనాల ముంగట మాదిగ డప్పు, పక్క బజార్ల బరాత్ ముంగట మర్ఫా. మా నాయిన నిలబడి వినేటోడు. ఒకనాడు ఇంటికొచ్చి ఆ దెబ్బను ఇత్తడి చెంబు మీద కొట్టి చూసుకున్నడు. పది దినాలల్ల అది మా డప్పుల చేరింది. ఎవల పర్మిషన్ తీసుకోలేదు.

ర్యాప్ పుట్టుక గూడ అసొంటిదే. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌ల బ్రాంక్స్ అనే పేదల పేటల, సెడ్జ్‌విక్ అవెన్యూ 1520 నంబరు బిల్డింగుల ఒక దావత్ అయింది. జమైకా నించి వచ్చిన కుటుంబం పిల్లగాడు కూల్ హెర్క్ రికార్డులు తిప్పిండు. పాట నడుమ గొంతు ఆగి ఒట్టి డ్రమ్ములు మోగే జాగ ఒకటి ఉంటది. జనం అప్పుడే బాగ ఎగురుతున్నరని ఆయన చూసిండు. ఒకటే రికార్డు రెండు పెట్టుకొని, ఒకదాంట్ల ఆ జాగ అయిపోంగనే ఇంకోదాంట్ల మొదలుపెట్టి దాన్ని సాగదీసిండు. ఇది చెప్తే మా నాయిన నవ్విండు. "ఎగిరేటోళ్ళు ఊపు మీదున్నప్పుడు ఆ దెబ్బను ఎవడు ఇడుస్తడు?" అన్నడు.

ఆ దెబ్బ మీద మాట ఎట్ల పెట్టాలన్నది తర్వాత వచ్చినోళ్ళు ఒకలి మీద ఒకలు పేర్చిన్రు. 1982ల గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందం 'ది మెసేజ్' పాట తెచ్చింది. అప్పటిదాక ర్యాప్ అంటే దావత్ పాట, ఉరుకుడు పాట. వీళ్ళు నడక తగ్గిచ్చిన్రు. ఎందుకంటే ఈసారి చెప్పేది పేట బతుకు, పగిలిన అద్దాలు, ఎలుకలు, అప్పులు. ఎగురుకుంట వినే మాటలు కావు అవి. రాకిమ్ అనేటాయన సాక్సఫోన్ వాయించి ఎదిగిన మనిషి. 1987ల వచ్చిన ఆల్బంల ఆయన వాక్యాన్ని బార్ చివర ఆపకుండ అవతలికి దాటిచ్చిండు, ప్రాసను వాక్యం నడుమ దాచిండు. హ్యూస్టన్‌ల డీజే స్క్రూ పాటలను కావాలని మెల్లగ చేసి, జిగురు పట్టిన తీరుగ తిప్పిండు. అందరూ ఉరుకుతున్న కాలంల ఒకడు మెల్లగ నడిచి పేరు తెచ్చుకున్నడు. అది యాది పెట్టుకోండి, మళ్ళ పని పడుతది.

లెక్క గూడ చెప్త. ఒక బార్ అంటే నాలుగు దెబ్బలు. ఒక్కొక్క దెబ్బను నాలుగు ముక్కలు చేస్తే పదహారు జాగలు. ఏ జాగల అక్షరం పెట్టాలె, ఏ జాగ బీడు ఇడువాలె, ఫ్లో అంటే ఈ పంపకమే. (భూమి పంపకం ఎన్నడూ చూడనోళ్ళం, దీన్నన్న చూద్దాం.) బీటు మార్చకుండ అక్షరాలు రెండింతలు చేస్తే డబుల్ టైం. ఒక్క దెబ్బను మూడు సమ ముక్కలు చేసి పలికితే ట్రిప్లెట్. మెంఫిస్‌ల త్రీ సిక్స్ మాఫియా 1990లల్లనే దాన్ని పలికింది, 2013ల మిగోస్ 'వెర్సాచీ' పాటతోటి లోకమంత పాకింది. ఏంది అది? తిశ్రమే గద! ఇప్పుడు నడుస్తున్న ట్రాప్ బీటు నిమిషానికి 140 లెక్కన రాస్తరు. కాని సిర్ర అసొంటి పెద్ద దెబ్బ సగం లెక్క మీద పడుతది. పైన పుల్ల ఉరుకుతుంటది, కింద తల 70 లెక్కన ఊగుతది. ఉరుకుడూ నిదానమూ ఒక్క పాటలనే. వాగుడు అన్న పెద్దమనిషి ఇంటికి పోయి ఒక బార్‌ల పదహారు జాగలు గీసి, పన్నెండు అక్షరాలు నింపి, నాలుగు ఖాళీలు తాను అనుకున్న కాడనే వచ్చేటట్టు పలికి చూడాలె. తర్వాత మాట్లాడుకుందాం.

నాకు ఈ లెక్కలన్నీ చెప్పింది మా చెల్లె బిడ్డ. డిగ్రీ అయింది. దిల్‌సుఖ్‌నగర్‌ల ఒక కోచింగ్ సెంటర్ల కౌంటర్ మీద కూసుంటది. ఫీజు కట్టలేక ఎనక్కి పోయే పిల్లలకు పాంప్లెట్ ఇచ్చి పంపుతది. రాత్రి డాబా మీద ర్యాప్ కడుతది. మొదట రాసిన ముక్కలు నా దగ్గరికి తెచ్చింది, దిద్దమని. అన్నీ పుస్తకాల భాష. బీటు పెట్టి చదివితే కాళ్ళకు సంకెళ్ళు వేసుకొని ఎగిరినట్టున్నది. "పెద్దమ్మా, నీ ఛందస్సుతోటి చూడు, ఎందుకు పడుతలేదు?" అన్నది. ఇద్దరం అక్షరాలు లెక్కపెట్టినం. వెళ్ళిపోయాడు అంటే అయిదు అక్షరాలు. పోయిండు అంటే మూడు. చేస్తున్నాడు అంటే నాలుగు. జేస్తుండు అంటే మూడు. మా అవ్వ మాట్లాడే మాట దెబ్బ మీద చెక్కినట్టు కూసున్నది. బడిల నేను పిల్లల కాపీల మీద ఎర్ర పెన్నుతోటి కొట్టెయ్యాలని సర్కారు నాకు జీతమిచ్చే మాట అది.

ఇంకో సంగతి. తెలుగు వాక్యం చివర క్రియ వస్తది. వచ్చిండు, పోయిండు, సచ్చిండు. ప్రాస పుక్కట్ల దొరుకుతది. సినిమా ర్యాప్‌లు సగం ఈ పుక్కటి ప్రాసల మీదనే బతుకుతయి. ఆ పిల్ల క్రియను ముందుకు గుంజి చివర మనిషి పేరో, ఊరి పేరో పెడుతది. అప్పుడు ప్రాస కోసం ఎతుక్కోవాలె. ఎతుకుడుల కొత్త మాట దొరుకుతది. ద్విత్వం ఉన్న మాటలు, కొట్టు, సప్పుడు, గుట్ట, దెబ్బ, నాలుకను ఒక క్షణం ఆపి తన్నిస్తయి. దీర్ఘం ఉన్న మాటలు, ఆకలి, కాలం, నాయిన, సాగుతయి. ఛందస్సుల ద్విత్వం ముందటి అక్షరమూ గురువే, దీర్ఘమూ గురువే, రెండింటికీ రెండేసి మాత్రలు. దరువు మీద పెడితే ఒకటి ఆగి తన్నే గురువు, ఇంకోటి సాగే గురువు. అప్పకవి ఇది చెప్పలేదు. కౌంటర్ మీద కూసునే పిల్ల చెప్పింది.

ఇంతదాక కళ సంగతి. ఇప్పుడు అసలు సంగతికి వస్త. నడక మార్చుడు వచ్చుడు వేరు, మార్చే హక్కు ఉండుడు వేరు. మా నాయినకు మొదటిది ఉండె, రెండోది లేకుండె.

నాకు పదిహేనేండ్లున్నప్పుడు ఒక కాంట్రాక్టరు ఇంట్ల పెండ్లి. పేరెందుకు, బలిసిన కులం. బరాత్ రాత్రి తొమ్మిదింటికి లేసింది. నేనూ మా అవ్వా గ్యాసు లైట్లు నెత్తిన పెట్టుకొని నడుస్తున్నం. పెండ్లికొడుకు దోస్తులు తాగి ఉన్నరు. "స్పీడ్ పెంచురా" అంటరు. పెంచుతరు. "ఇంకా పెంచు." పెంచుతరు. పది రూపాల నోటు నోట్ల పెట్టుకొని మా నాయిన ముఖం మీదికి వంగుతరు, నోటితోటే అందుకోవాలె, చెయ్యి ఆగొద్దు. రెండు గంటలు. పుల్ల పట్టిన ఏలు పగిలి తోలు మీద నెత్తురు సుక్కలు పడ్డయి. నిదానం చేస్తనంటే తిట్లు. ఆకిరికి మా ముసలి మామ ఒకాయన దమ్ము ఆడక కూలబడితే గూడ "దెబ్బ ఆపొద్దు" అన్నరు. తిండి పెట్టింది దొడ్డి దిక్కు, ఇస్తరాకులు మేమే తీసుకున్నం. దెబ్బ మాదే, చెయ్యి మాదే, వేగం మాత్రం వాళ్ళది. వెట్టి అంటే పొలంల నాగలి పట్టుడే అనుకుంటరు. ఊపిరి గూడ ఎవని లెక్కల ఆడాల్నో వాడు చెప్పుడు గూడ వెట్టినే.

కాని ఆ రాత్రి ఇంకోటి గూడ అయింది. మలుపు కాడ మా నాయిన జట్టోళ్ళ దిక్కు చూసి కన్ను కొట్టిండు. ఉరుకుతున్న దెబ్బల ఒక్క దెబ్బ మింగిండు. అందరూ మింగిన్రు. గాలిల లేపిన కాళ్ళు ఎక్కడ దిగాల్నో తెల్వక ఆ దోస్తులు ఒకని మీద ఒకడు పడ్డరు. లేసి మళ్ళ మొదలుపెట్టంగనే ఇంకో కాడ మింగిండు. "ఏమైందిరా?" అంటే "తోలు మెత్తబడ్డది దొరా, కాపుకోవాలె" అన్నడు. మంట ఎగేసి అర్ధగంట కూసున్నరు. మా అవ్వ కొంగు నోట్ల కుక్కుకొని నవ్వింది. దాన్ని మా ఇంట్ల "దెబ్బ మింగుడు" అంటం. ఆ రాత్రి మాకు దొరికిన హక్కు ఆ ఒక్క ఖాళీ అంతే.

మా చెల్లె బిడ్డ మైకు పట్టుకున్నప్పుడు నాకు కనబడేది ఇదే. అక్కడ స్పీడ్ పెంచురా అనెటోడు లేడు. నడక ఎక్కడ పెంచాల్నో, ఎక్కడ తుంచాల్నో ఆమె నోరు నిర్ణయిస్తది. మా వంశంల దెబ్బను బతుకుదెరువు కోసం కాకుండ తన ఇష్టం కోసం ఆపిన మొదటి మనిషి ఆ పిల్ల.

అయితే అక్కడ గూడ దొరలు లేకపోలేదు. పోయినేడు పట్నంల ఒక కాలేజీల పోటీకి పోయింది. ఆమె తండ్రి, మా మరిది, కాంట్రాక్టు కింద మోరీలు తీసే మనిషి. మ్యాన్‌హోల్ల దిగిన మనిషి మీద కట్టింది పాట. మొదటి ఎనిమిది బార్లు మూసీ దాక పోయే మురికంత ఏ గల్లీ నించి ఎటు పోతదో డబుల్ టైంల చెప్తది. ఊపిరి తిప్పుకునే జాగ ఉండదు. తర్వాత ఆ మనిషి తాడు పట్టుకొని దిగుతడు, అక్షరాలు పల్చబడుతయి, బార్‌కు ఆరు, నాలుగు, రెండు. ఆ తర్వాత రెండు బార్లు ఏమీ ఉండదు. బీటు గూడ ఉండదు. ఎనిమిది దెబ్బలు, దాదాపు ఆరు సెకండ్లు. ఆనంక మూడు దెబ్బల మీద మూడుసార్లు పేరు పిలుస్తది. అంతే పాట. జడ్జీలల్ల ఒకాయన మెచ్చుకుంట ఏమన్నడో చెప్పాల్నా? "వాయిస్ బాగుందమ్మా. కాని నడుమ లైన్లు మర్చిపోయావు. ఇంకొంచెం ప్రాక్టీసు చెయ్యి. స్పీడు కూడా తగ్గింది, ఎనర్జీ కావాలి" అన్నడు.

మర్చిపోయిందట! దింపుడుకల్లం తెల్వనోనికి ఆ ఆగుడు ఎట్ల అర్థమయితది? మ్యాన్‌హోల్ల మనిషిని దించొద్దని 2013ల చట్టం చేసిన్రు. చచ్చిన మనిషి కుటుంబానికి 10 లక్షలు ఇయ్యాలని 2014ల, 30 లక్షలు ఇయ్యాలని 2023ల సుప్రీం కోర్టు చెప్పింది. చట్టమూ ఉన్నది, తీర్పులూ ఉన్నయి, మనిషి ఇంకా దిగుతనే ఉన్నడు. పైన నిలబడ్డోళ్ళు ఎన్ని సెకండ్లు ఎదురుచూసి తాడు గుంజుతరో తెలిసిన బిడ్డ అది. ఆరు సెకండ్ల మౌనం మోయలేనోడు ఆమెకు ఎనర్జీ చెప్తడు. బహుమానం దక్కింది ఎవనికంటే, ఒక్క నిమిషంల అందరికంటే ఎక్కువ మాటలు ఉరికిచ్చిన పిల్లగానికి. పిల్లగాన్ని నేనేమీ అననుగాని, వేగమే ఫ్లో అనుకునే ఈ కొత్త శాస్త్రం మీద నాకు కోపమున్నది. 1992ల గిన్నిస్ పుస్తకం ట్విస్టా అనేటాయన్ను అందరికంటే వేగంగ ర్యాప్ చేసే మనిషని రాసుకున్నది. ఆయన గూడ నిలబడ్డది ఆ లెక్క మీద కాదు, ఆ వేగంల గూడ అక్షరం అక్షరం వినబడేటట్టు పలికినందుకు. "స్పీడ్ పెంచురా" అన్న బరాత్ దోస్తులే ఇప్పుడు జడ్జీల కుర్చీలల్ల కూసున్నరని నాకనిపిస్తది. నోటు పోయి షీల్డు వచ్చింది.

సినిమా సంగతి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది. 1994ల 'ప్రేమికుడు' సినిమాల రహమాన్ ర్యాప్ వినిపించినప్పుడు పట్నం పిల్లలు ఊగిపోయిన్రు. అదే ఏడు ఈదుమూడిల దండోరా మొదలైంది. మన డప్పు మన ముచ్చట కోసం ఊరూరా మోగింది. ఆ సప్పుడును ఏ సినిమా పట్టించుకున్నది? 2023 మార్చిల 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చింది. ఆరు మాత్రల నడక. మా బోనాలల్ల, పెండ్లిండ్లల్ల నలుగురు కలిస్తే పుట్టే నడక. సంతోషమే, కాదనను. కాని ఆ నడకను ఇన్నేండ్లు మోసిన చేతుల ముచ్చట ఆ వేదిక మీద ఎవలికి యాదికొచ్చింది? కిన్నెర మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీద కథను చెప్పుకుంట పాడుతడు, పాడుకుంట చెప్తడు. మాట ఎక్కడ పాటయితదో పట్టుకోలేం, అంత నున్నగ మారుతది. 2022ల ఆయనకు పద్మశ్రీ ఇచ్చిన్రు. 2024ల ఆయన కూలిపని చేస్తున్న వీడియో అందరం చూసినం.

పక్క రాష్ట్రంల అరివు అనే పిల్లగాడు ఉన్నడు. 2017ల పా. రంజిత్ పూనుకొని పెట్టిన క్యాస్ట్‌లెస్ కలెక్టివ్‌ల ర్యాప్ చేసిండు. సావు కాడ పాడే ఒప్పారిని, పేట గానాను, ర్యాప్‌ను ఒక్క నోట్ల కలిపినోళ్ళు వాళ్ళు. 2021ల వచ్చిన 'ఎంజాయ్ ఎంజామి' ఆయన అవ్వ బతుకు, సిలోన్ టీ తోటల బతుకు. కోట్ల మంది విన్నరు. ఆ ఏడే ఒక సంగీత పత్రిక ఆ పాట పేరు చెప్పుకొని అట్ట మీద బొమ్మలేసింది. పాట రాసి పాడిన పిల్లగాని బొమ్మ లేదు. లొల్లి అయినంక ఇంకో అట్ట వేసిన్రు. దెబ్బ కావాలె, కొట్టినోడు దొడ్డి దిక్కు కూసోవాలె. నలభై ఏండ్ల కింది మా ఇస్తరాకుల బంతికీ దీనికీ ఏం తేడా ఉన్నది?

ఉద్యమ పెద్దమనిషీ, నీకు ఇంకో మాట. గద్దరన్నను నువ్వు నాకంటె ఎక్కువ చూసినవ్. 1972 నించి జననాట్యమండలి, ఆ గోచీ, గొంగడి, ఆ గజ్జెలు. ఆయన పాటను పాటగనే ఎన్నడన్న పాడిండా? నడుమ ఆపేటోడు. డప్పు కింద మెల్లగ నడుస్తనే ఉండేది. మాట్లాడేటోడు, అడిగేటోడు, అరిచేటోడు, గుసగుసలాడేటోడు. జనం నోట జవాబు వచ్చినంక ఒక్క ఊపుల మళ్ళ పాటల దుంకేటోడు. ఆ దుంకే క్షణానికి మైదానం మైదానం లేసి నిలబడేది. 2023 ఆగస్టు 6న ఆయన పోయిండు. ఆయన చేసింది ర్యాప్ అని నేననను. ఆయనకు ఆ పేరు అక్కర లేదు. మాటకూ పాటకూ నడుమ ఆయన తొక్కిన బాట మీదనే ఈ పిల్లలు నడుస్తున్నరు. ఆయనను దేవుణ్ణి చేసి, ఆ బాట మీద నడిచినోళ్ళను అమెరికా ఏజెంట్లు అనుడు ఏం న్యాయం?

నీ కోపానికి ఇంకో కారణం గూడ నాకు తెలుసు, నువ్వు పైకి చెప్పకున్నా. మైకు పట్టుకున్నది ఆడిపిల్ల. డప్పు మనది, మన సంస్కృతి అని ఎంత మొత్తుకున్నా, మా నాయిన నా చేతికి సిర్ర ఇయ్యలేదు. "ఆడిపిల్ల ముట్టొద్దు" అన్నడు. ఊరు మమ్ములను ముట్టొద్దన్న మాటనే మా ఇంట్ల మాకు చెప్పిన్రు. నేను గోడ చాటు నించి విని లెక్క నేర్చుకున్న. ఆ పిల్లకు డప్పు దొరకలేదు కాబట్టే ఫోన్ల బీటు పెట్టుకున్నది. డప్పు ఇడిసిపెట్టిందని నువ్వన్నవు. ఇచ్చింది ఎప్పుడు, ఇడిసిపెట్టుడు ఎప్పుడు?

ఇప్పుడు మా నాయినకు ఎనభై దాటినయి. చేతులు వణుకుతయి. పట్నంల పిల్లగాండ్లు ఫైబర్ డప్పులు కొడుతుంటే "మంట తెల్వని డప్పు" అని ముఖం తిప్పుకుంటడు. మొన్న ఆదివారం మనుమరాలు ఆయన పక్కన కూసొని సావు దెబ్బ ఫోన్ల రికార్డు చేసుకున్నది. ఇంటి ముంగటి నడక నిమిషానికి 80 దగ్గర ఉన్నది, బొందలగడ్డ ఉరుకుడు 140 దాటింది. దాని మీద మ్యాన్‌హోల్ పాట మళ్ళ కడుతున్నది. ఇద్దరికీ లొల్లి ఒక్క కాడనే. ఆ ఖాళీ ఎనిమిది దెబ్బలు ఉండాలని ఆమె అంటది. "ఎనిమిది సాలయి" అంటడు ఆయన. "దింపుడుకల్లం కాడ మనం తొందరపడం బిడ్డా, పిలిచినంక జవాబు వస్తదేమో అని సూస్తం." పన్నెండు చెయ్యమంటడు. పన్నెండయితే జనం లేసి పోతరంటది ఆమె. "పోనియ్" అంటడు. సిర్ర ఆమె చేతిలకు ఇచ్చి, పుల్ల తాను పట్టుకొని, పన్నెండు లెక్కపెట్టి చూడమన్నడు.